గేటు దగ్గర కూర్చుని చూసిన కాలేజీలు

శుక్రవారం, రాత్రి

అబ్బబ్బా, ఈరోజు నా సంతోషం రాయడానికి మాటలు చాలడం లేదు! మా పాప లావణ్య ఇంజనీరింగుకి ఏ కాలేజీ ముందు పెట్టాలో రేపు కంప్యూటర్లో ఎక్కించాలంట. నిన్న ఒకటి, ఈరోజు ఒకటి నేనే పోయి చూసొచ్చినాను. గొర్రెల్ని కొనేటప్పుడు నేను దొడ్లో చూడను, మేసి ఇంటికొచ్చేటప్పుడు చూస్తాను. అట్నే సాయంత్రం దాకా గేటు దగ్గర కూర్చున్నాను.

నిన్నటిది అద్దాల మేడ. ఆత్మకూరు బస్సుకి రోజూ ఇంటినుంచే పోయి రావచ్చు. పిల్లలు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటా బయటికొచ్చినారు. ఈరోజుది దూరం, హాస్టల్లో ఉండాల. అక్కడ ఆడపిల్లలు ఏదో లెక్క గురించి పోట్లాడుకుంటా, నవ్వుకుంటా, బస్సు పోయినా చూసుకోలేదు!

"ఉద్యోగాలొస్తాయా అని అడిగినావా?" అనింది పాప, నేను ఇంటికి రాగానే. పిల్లలు ఎట్లా బయటికొస్తారో చూసినానని చెప్పినాను.

"కాలేజీకి పోయినావా నాయనా, గొర్రెల సంతకి పోయినావా?" అని పడీపడీ నవ్వింది.

లేకలేక పుట్టిన పిల్ల, కళ్ళ ముందే ఉండాలని నా ఆశ. అయినా దూరందే ముందు పెట్టమన్నాను.

కళ్ళు మూస్తే ఆ గుంపులో మా పాప చేతులు తిప్పుతా వాదిస్తా ఉండాది. గేటు దగ్గరున్న నన్ను చూడనే లేదు. చూడకపోయినా ఎంత బాగుండాదో...