ఊయల కొక్కెం, ఉప్పునీళ్ళ సీసా

1941 ఫిబ్రవరి 4
మళ్ళీ ఎత్తుకుపోయారు. తళవాయిపురం మనిషి, బస్సు తిరగబడి నెత్తురంతా పోయింది. నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తున్నాను, నాడి తేరుకుంటోంది... ఇంతలో బంధువులు. ఆసుపత్రిలో పోతే పీనుగను ఇంటి గడప లోపలికి తేకూడదట. ప్రాణం ఇంట్లోనే పోవాలట. పోయింది, సగం దారిలో, బండిలో.

ఫిబ్రవరి 5
నెత్తురు పోయి చల్లబడినవాణ్ణి ఎలా నిలబెట్టాలో చూసి రాయమన్నారు మదరాసు ప్రొఫెసరుగారు. ఏం రాయను? ప్రతి కేసుకూ ఒకటే ముగింపు: ఎత్తుకుపోయారు.

ఫిబ్రవరి 9
మా ఆసుపత్రి పెద్ద డాక్టరు ఉపన్యాసం. ఆయన వైద్యం బ్రాందీ, ఒంటి పక్కన కాచిన ఇటుకలు. వేడి పెడితే మిగిలిన నెత్తురు కాస్తా చర్మానికి పరుగెడుతుందని చెప్పాను. "ముప్పై ఏండ్లుగా ఇటుకే పెట్టినాను, తంబీ. ఒకడూ కంప్లైంట్ చెప్పలే."
ఎలా చెబుతాయి, పీనుగలు!

ఫిబ్రవరి 16
బావను మంచం మీద మోసుకొచ్చారు. అక్క వెనకే, చెప్పులు లేకుండా. సేత్తూరు కొండ అంచున పందివేట. తన కుక్క ముందు పంది ఎంత అన్నాడట. కుక్క తప్పుకుంది, దానికి బుద్ధి ఉంది. కోర బావ తొడలో దిగింది.
నెత్తురు ఆపి కట్టు కట్టాను. నాడి అందదు. ఇటుకలు మాత్రం సిద్ధం! లాక్కుని, బావ కాళ్ళవైపు మంచం కోళ్ళ కింద ఎత్తు పెట్టాను. పెద్ద డాక్టరు ముఖం మాడింది. సీసా ఎక్కించాను.

అదే రోజు, సాయంత్రం
బావ పెదనాన్న, నలుగురు మనుషులు. "ఇంటికి తీసుకొని పోతాం. ఈడ పోతే వాకిట్లో పండబెట్టాల, వంశానికే అవమానం." ఇంకా పోలేదన్నాను. "పోయినంక ఎట్ట తీసుకొని పోయేదప్పా?"
ఈ తెలివికి మందు లేదు. సీసా ఎత్తి పట్టుకుని, ఉన్న మరో మూడు సంచిలో వేసుకుని నేనూ బండెక్కాను.

ఫిబ్రవరి 17
అక్క ఇల్లు. హాల్లో ఊయల దించి, బావను నేల మీద పడుకోబెట్టారు, తల దక్షిణానికి. ఊయల కొక్కేనికి సీసా తగిలించాను.
పాలగిన్నె వచ్చింది. పోయేవాడి నోట్లో పోసే చివరి పాలు! స్పృహ లేనివాడికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పంది మిగిల్చింది వీళ్ళు పూర్తి చేస్తారు. అరిచాను. నా మాట వినేదెవరు?
అక్క బావ నోటికి చేయి అడ్డం పెట్టింది. "మొదటి పాలు పెండ్లాం పోయాల, మీ ఇంటి వళక్కమే కదా. నేను పోయను."
ఆమె పోయందే మిగతావాళ్ళు పోయకూడదు. గిన్నె వెనక్కి పోయింది. ఈ ఇంటి ఆచారానికి జన్మలో మొదటిసారి దండం పెట్టాను.

ఫిబ్రవరి 18
నాడి అందుతోంది. తెల్లారి "నీళ్ళు" అన్నాడు. ఏడ్చాను, సిగ్గు లేకుండా.
మధ్యాహ్నం నుంచి జ్వరం. గాయం వాసన... ఆసుపత్రిలో కోసి శుభ్రం చేయాలి. ఈరోజే.
పెదనాన్న: "సావుకని దించినాం. మళ్ళా ఎత్తాలంటే చావడిలో పెద్దోళ్ళను అడగాల."
అడుగుతూనే ఉన్నారు. బతికినవాణ్ణి ఏం చేయాలో తెలియని పెద్దమనుషులు! సీసా అడుగంటింది, ఇదే ఆఖరుది. నాకు భయంగా ఉంది.
అక్క ఇందాకటి నుంచి ఒకటే మాట. "నువ్వొక పక్క పట్టుకో, తమ్ముడా. నేనొక పక్క."
మనిషి పట్టేంత పొడుగు ఊయల బల్ల గోడకు ఆనించి ఉంది.