ఎడమకాలి గోలు

ఏమండీ, ఇక్కడ ఇద్దరం క్షేమం. ఫుట్‌బాల్ మాన్పించి అమ్మాయిని తీసుకురమ్మని రాశారు. మోకాలి ఆపరేషన్ తర్వాత అది ఎడమకాలు వాడటం లేదని నాకు అనుమానం వచ్చి, ప్రాక్టీసులో ప్రతి షాటూ ఏ కాలితో కొట్టిందో పుస్తకంలో రాసి చూపించాను. "ఏంటమ్మా, నా కాళ్లకి కూడా హాజరు వేస్తున్నావా?" అని కసిరింది. కానీ మర్నాటి నుంచి అందరికన్నా గంట ముందే మైదానంలో ఉంటోంది. నిన్న మ్యాచ్‌లో ఇద్దరిని తప్పించుకుని, ఆ ఎడమకాలితోనే గోలు కొట్టింది. నేను కుర్చీ ఎక్కి అరిచానంటే నమ్మండి!

క్లబ్బువాళ్లు ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నారు. అది మీ మాట కోసం ఆగింది. గ్యాస్ బండకు చెప్పారా? అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పి, మాత్రలు వేళకు ఇవ్వండి. వచ్చే ఆదివారం మ్యాచ్‌కు మీకూ టికెట్ తీసి ఉంచాను. చూశాక కూడా మానమనాలనిపిస్తే, ఆ మాట మీరే చెప్పండి. నాకు నోరు రాదు.