పెరీన్ దీపానికి కాపలా

2021 ఏప్రిల్ 11, ఆదివారం. ములింగార్

మూడో గది ఖాళీ అయి నెల దాటింది. ఈ పరదేశపు అద్దె ఇంట్లో నేనూ పెరీనూ మిగిలాం. నా ఆఫీసు క్లాండాల్కిన్‌లో. లాక్‌డౌన్ పుణ్యమా అని ఏడాదిగా అది నా మంచం పక్కకే వచ్చేసింది. ఆమె ఇక్కడి హాస్పిటల్లో డాక్టర్. సికింద్రాబాద్ పార్సీ. తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. నా తెనాలి యాసను వెక్కిరించడం ఆమెకు టిఫిన్‌తో సమానం.

పొద్దున కాఫీ చల్లారిపోతోందని ఆమె గది తలుపు కొట్టాను. ఆగు రఘూ, కుస్తీ కట్టుకోవాలె అంది. ఎవరితో అని అడిగాను. కాసేపటికి బయటికొచ్చి, నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడింది. వాళ్ల కుస్తీ అంటే నడుముకు మూడు చుట్లు తిప్పి కట్టుకునే ఉన్ని దారమట. డెబ్బై రెండు పోగులు. ప్రార్థన చేస్తూ కట్టుకుంటారు.

ఆమె అలా నవ్వుతుందంటే రోజుకో తప్పు చేస్తాను. ముప్పై మూడేళ్లొచ్చాయి. సిగ్గు లేదు నాకు.

ఏప్రిల్ 18

ఆఫీసు టెస్టింగ్ రిపోర్టులు వదిలేసి వాళ్ల మతం గురించి చదువుతున్నాను. వాళ్ల ప్రవక్త జరతుష్ట్ర ఎప్పటివాడో పండితులకే తేలలేదు. మన దేవతలు వాళ్లకు దయ్యాలు. మన అసురుల పేరున్నవాడు, అహూరా మజ్దా, వాళ్లకు ఒక్కగానొక్క దేవుడు. ఒకప్పుడు ఇరువైపులవాళ్లూ ఒక ఇంటివాళ్లేనట. పంపకాల్లో దెబ్బలాడుకున్న అన్నదమ్ముల వ్యవహారంలా ఉంది. ఇరాన్‌లో వందల ఏళ్లు రాజుల మతం. అరబ్బులు గెలిచాక కొందరు పడవలెక్కి గుజరాత్ తీరానికి చేరారు. మంచి ఆలోచన, మంచి మాట, మంచి పని. పెద్ద పాపం అబద్ధం.

సాయంత్రం అన్నం తింటూ ఇదంతా అప్పజెప్పాను. పెరీన్ నవ్వలేదు. మా గల్లీల ఆఖరి నవ్‌జోత్ నా తమ్మునిదే, పద్దెనిమిదేండ్లాయె అంది. మన ఒడుగులాంటిదది. ఆ తర్వాత దారం కట్టడానికి అక్కడ పిల్లలే లేరు. బయటివాణ్ణి చేసుకున్న ఆడపిల్లను వాళ్ల ఊళ్లో అగియారీలోకి, ఆ అగ్ని ఉండే గుడిలోకి, రానివ్వరట. ఆమెకు పుట్టినవాళ్లను తమవాళ్లుగా లెక్కపెట్టరు. వాళ్ల మేనత్త ఇరవై ఏళ్లుగా గేటు బయటే నిలబడి మొక్కుతోంది.

ఇదంతా నా వైపు చూడకుండా చెప్పింది. నేనూ పప్పు గిన్నె వైపే చూస్తూ విన్నాను.

ఏప్రిల్ 24

సికింద్రాబాద్‌లో పెరీన్ వాళ్ల నాన్నకు కోవిడ్. ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు వెళ్తే మళ్లీ ఎప్పుడు రాగలదో తెలియదు. ఇక్కడ వార్డులో మనుషులు చాలడం లేదు. వెళ్లలేదు.

కిచెన్‌లో గాజు గ్లాసులో నీళ్లు, పైన నూనె, నూనె మీద తేలే వత్తి. నాన్న ఇంటికొచ్చేదాంక ఆరొద్దు అంది. రేపట్నుంచి రెండు వారాలు హాస్పిటల్ వాళ్లిచ్చిన గదిలోనే ఉండాలట. మా నాయనమ్మ ఉంటే నిన్ను దీని దగ్గరికి గూడ రానియ్యకపోతుండె, ఇప్పుడు నువ్వే దిక్కు అంది.

నాకు వచ్చిన ఉద్యోగాలన్నిటిలో ఇదే నచ్చింది.

ఏప్రిల్ 26

పొద్దున నూనె, సాయంత్రం నూనె. వెలుగుతున్నదా అని మెసేజ్. వెలుగుతోంది అని నేను.

ఇంటి ఓనరు మార్తా కిటికీలోంచి చూసింది. లీజులో కొవ్వొత్తులు వద్దని ఉందిగా అంది. ఇది కొవ్వొత్తి కాదు, పెరీన్ వాళ్ల నాన్నకు బాగోలేదు అన్నాను. అయితే గ్రాండ్ అని వెళ్లిపోయింది. ఇక్కడ గ్రాండ్ అంటే సరే.

ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1.10

కొండెక్కింది.

1.40

ఆ ఒక్క మాట రాసి అరగంట ఊరికే కూర్చున్నాను. దీపం ఆరిపోయింది అనకూడదని మా అమ్మమ్మ నేర్పింది. కొండెక్కింది అనాలి. ఏమంటే ఏం, ఆర్పింది నేను. పప్పులోకి పోపు పెట్టాను. ఎండుమిర్చి మాడి స్మోక్ అలారం మొత్తుకుంది. టవల్ తీసుకుని దాని కింద విసనకర్రలా విసిరాను. అలారం ఆగింది. వెనక్కి తిరిగితే గ్లాసులోంచి సన్నగా పొగ.

లైటర్‌తో మళ్లీ వెలిగించాను. ఫోన్ మోగింది. వెలుగుతున్నదా అని మెసేజ్.

వెలుగుతోంది అని కొట్టాను. ఆ నిమిషానికి అది నిజమే. నాలాంటి లాయరు దొరకడు.

ఏప్రిల్ 30

తినబుద్ధి కావడం లేదు.

మే 7

ఆక్సిజన్ తీసేశారు. ఎల్లుండి ఇంటికి పంపుతారట. పెరీన్ వీడియో కాల్‌లో ఏడ్చింది. మాస్కు గీతలు ముఖం మీద అలాగే ఉన్నాయి. నువ్వు నిలబెట్టినవ్ రఘూ అంది. ఆమె నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. ఆ చూపు నాది కాదు. అయినా వదులుకోవాలని లేదు.

మే 9, ఆదివారం

వచ్చేసింది. షూస్ విప్పకముందే కిచెన్‌లోకి వెళ్లి గ్లాసు ముందు నిలబడింది. వాళ్ల నాన్న ఇల్లు చేరాడు.

చెప్పేశాను. పోపు, అలారం, టవల్, లైటర్, మెసేజ్. ఇక నాతో మాట్లాడదనే అనుకుని చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంట్ల దీపం ఆరుతది, మళ్ల ముట్టిస్తం, ఆరనిది అగియారీల అగ్గి అంది. దీని కోసమా ఇంత చిక్కినవ్ అంది. ఇంకెవరన్న అయితే చెప్పకపోతుండె అంది. తనే అన్నం పెట్టింది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

తర్వాత నాన్న ఫోన్. స్పీకర్‌లో పెట్టింది. గుజరాతీ నాకు రాదు. ఫోన్ పెట్టేశాక ఆమే చెప్పింది. రాకపోకలు మామూలు కాగానే రమ్మన్నాడట. అప్పటిదాకా గడప దాటడట. మొదటి అడుగు అగియారీకే, కూతురి చెయ్యి పట్టుకుని, లోపలిదాకా. అది చెబుతున్నప్పుడు ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది.

నాకు పెరీన్ కావాలి. పొద్దున కాఫీకి కావాలి, ముసలితనానికి కావాలి. ఇంత మామూలు మాట ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. చెబితే, ఆమె సరే అంటే, ఆ ముసలాయన ఒక్కడే లోపలికి వెళ్లాలి.

మే 10

డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. ఇంకేమన్న చెప్పేదున్నదా రఘూ అని అడిగింది.

లేదన్నాను.