టెంపే మాట్లాడిన సాయంత్రాలు

సోలో

జీవకణాల పరిశోధనశాల పెద్ద, శ్రీమతి రెత్నానింగ్సిహ్ గారికి సోలో పట్టణం నుంచి గుణార్సో రాసే బహిరంగ లేఖ.

అమ్మా, మీరు సిగ్గుపడాలి. బతికున్న కణాల్లో కరెంటు అలగా లేస్తుందనీ, ఆ అలలో అదే ఆకారపు చిన్న అల, దానిలో ఇంకా చిన్న అల ఉంటాయనీ మీ కరపత్రంలో చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. చివర్లో ఏమన్నారు? "దీన్ని చూడాలంటే ఖరీదైన యంత్రాలు కావాలి" అని! పేదవాడి కణాల్లో కరెంటు ఉండదా?

మా తుమీరా పెద్దమ్మ టెంపే చేసి సంతలో అమ్ముతుంది. సోయాగింజలను ముద్దగా బిగించి పట్టే ఆ తెల్లబూజు ప్రాణమున్నది కాదా? మా షెడ్డులో ఒక ముద్దకు రెండు తీగలు గుచ్చి, రేడియో మెకానిక్ పాత మీటరుకు తగిలించాను. ముల్లు ఒక పెద్ద ఊపు ఊగింది. రెండు పెద్ద ఊపుల నడుమ చిన్న ఊపులు, వాటి నడుమ ఇంకా చిన్నవి! వెంటనే లోకానికి ప్రకటించండి. సంతలో నేను ఇప్పటికే ప్రకటించాను.

పోరాట వందనాలతో,
గుణార్సో

తా.క.: మంగళ, శుక్రవారాల సాయంత్రాలే అది మాట్లాడుతుంది. మిగతా రోజులు మౌనం. నిరసన కాబోలు.

*

యోగ్యకర్త

తమ్ముడు గుణార్సోకు,

కరపత్రంలో ఆ వాక్యం నిజంగానే బాగాలేదు, తీసేస్తాను. కాని ఇంకేమీ ప్రకటించకముందే ఒక ముద్దను బాగా ఉడికించి, మళ్లీ కొలువు. చచ్చిన బూజు ముల్లును కదిలించకూడదు. కదిలిస్తే మాట్లాడుతున్నది బూజు కాదన్నమాట.

శుభాకాంక్షలతో,
రెత్నానింగ్సిహ్

తా.క.: వేయించి మాత్రం కొలవకు. వేయిస్తే కొలవడానికి మిగలదు. నా సంగతి నాకు తెలుసు.

*

సోలో

అమ్మా,

ఉడికించమని ఎంత తేలిగ్గా రాశారు! గుండె రాయి చేసుకుని ఉడికించాను. అయినా శుక్రవారం అదే మాట, అదే ఊపు! చచ్చాక కూడా నోరు మూయని వీరుణ్ణి ఎక్కడైనా చూశారా?

ఇక్కడ మాత్రం నాకు తల ఎత్తుకునేటట్టు లేదు. పెద్దమ్మ బుట్ట పక్కనే నిలబడి, "ప్రాణమున్నదాన్ని సలసలకాగే నూనెలో వేస్తారా?" అని అరిచాను. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. "వద్దులే తుమీరా, నీ సరుకు మూకుడులో కేకలేస్తే పిల్లలు దడుచుకుంటారు" అని టోఫూ అమ్మేవాళ్ల వైపు పోయారు. ఒకావిడైతే, "ఏరా, ఇవాళ ఏమంటోంది మీ టెంపే? ఉప్పు తక్కువైందంటోందా?" అని నవ్వింది.

పెద్దమ్మ నిండు బుట్ట మోసుకుని ఇంటికొచ్చింది. అన్నం పెట్టి, పక్కన టెంపే వేసింది. సిగ్గుతో తలెత్తలేదు. తినడం మాత్రం తిన్నాను. మీరు నిజమని రాస్తేనే ఆమె బుట్ట మళ్లీ ఖాళీ అవుతుంది.

గుణార్సో

తా.క.: సాక్ష్యం పక్కాగా ఉంది. ఆ సాయంత్రాల్లో షెడ్డు పక్క హాలులో ముసలివాళ్ల గోల భరించలేక, చెవుల్లో దూది పెట్టుకుని మరీ ఏకాగ్రతతో చూశాను.

*

యోగ్యకర్త

తమ్ముడు గుణార్సోకు,

దూది తీసి చూడు.

రెత్నానింగ్సిహ్

తా.క.: మీ షెడ్డుకూ ఆ హాలుకూ కలిపి ఒకటే చెక్క నేలేనా?

*

సోలో

అమ్మా,

ఇది బహిరంగ లేఖ కాదు. దయచేసి ఎవరికీ చూపించకండి.

దూది తీశాను. హాలులో గమెలాన్ కంచువాద్యాల మేళం సాధన. పెద్ద గోంగు మోగింది, నేల అదిరింది, తీగలు వణికాయి, ముల్లు ఎగిరింది. రెండు గోంగు మోతల నడుమ మధ్యరకం గంటలు, వాటి నడుమ చిన్న గంటలు. పుట్టినప్పటినుంచీ వింటున్న వాయిద్యమే. పాతకాలపు గోల అని నేనే చెవులు మూసుకున్నాను.

తొంగి చూస్తే, గోంగు దగ్గర కూర్చున్నది మా పెద్దమ్మ! నా చెవులు ఎర్రబడ్డాయి. ఆమె మంగళ, శుక్రవారాల్లో ఎక్కడికి పోతుందో నేనెన్నడూ అడగనేలేదు.

మర్నాడు సంతలో అదే చోట నిలబడి, "టెంపే ఏమీ మాట్లాడలేదు, వాగింది నేను. ముల్లును కదిపింది మా పెద్దమ్మ గోంగు!" అని అరిచాను. ఉప్పు తక్కువైందా అని నవ్విన ఆవిడే, "అయితే ఇక వేయించుకోవచ్చా బాబూ?" అంది. అందరూ నవ్వారు, అందరూ కొన్నారు.

ఖాళీ బుట్ట దులుపుతూ పెద్దమ్మ అంది: "ఇన్నేళ్లుగా వాయిస్తున్నాను, ఒక్కడూ బాగుందనలేదురా. నువ్వేమో లోకమంతా వినాలని సంతలో అరిచావు. ఏడవకు, పద."

సిగ్గుతో,
గుణార్సో

తా.క.: పెద్దమ్మ మీకు టెంపే పంపింది. కొలవకండి. దూది కూడా పెట్టాను, నాలాంటివాడు మళ్లీ ఉత్తరం రాస్తే చదివేటప్పుడు పనికొస్తుంది.