రెండంగుళాల చెక్క

హోకిటికా,
మార్చి 9

చెల్లీ రోవెనా,

నాన్న తుపాకీ భద్రంగానే ఉంది. ఉత్తరం ఇలా మొదలుపెట్టానంటే నేనేదో చేశానని నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఇన్నేళ్ళకి ఏప్రిల్‌లో దుప్పుల వేటకి వస్తానన్నావు కదా. తుపాకీని భుజానికి ఆనించే చెక్క నీకు పొడుగవుతుందని, నీతో చెప్పకుండా సరిచేసి పెడదామనుకున్నాను. పాత వార్నిష్ గీకి, గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె ఏడు పూతలు పూశాను. అద్దంలా మెరిసింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? షెడ్డులో వేలాడుతున్న నీ వానకోటు చెయ్యి కొలిచి, దాని ప్రకారం చెక్క చివర రెండంగుళాలు కోసేశాను.

మీ వదిన జోన్ వచ్చి చూసింది.

"ఆ కోటు ఎప్పటిదయ్యా?"

"మా చెల్లిదే" అన్నాను గర్వంగా.

"ఎవరిదని కాదు, ఎప్పటిదని అడిగాను. ఆమె పదమూడేళ్ళప్పటిది! ఇప్పుడు నలభై నాలుగు. మధ్యలో ఎదిగిందని నీకెవరూ చెప్పలేదా?"

నిజంగానే ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కోసిన ముక్క మళ్ళీ అతికించాను. అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నువ్వు మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా దారంతో కొలిచి, ఆ దారం కవర్లో పెట్టి పంపు. కాస్త పొడుగ్గానే కత్తిరించు, నా సంగతి నీకు తెలుసుగా.

కోటు పారేద్దామంది జోన్. వద్దన్నాను. వచ్చాక ఒకసారి దాని పక్కన నిలబడు. నిన్ను సరిగ్గా చూడాలి.

నీ అన్న