బొట్టు కింద కుట్లు

ఫ్రిస్కో,
అక్టోబర్ 2009

పార్వతీశం గారికి నమస్కారం.

మన తెలుగు సంఘం డాక్టర్ భుజంగరావు గారికి సన్మానం చేస్తోందని, ‘రక్తం చిందించని సర్జన్’ అంటూ ఆయన్ని స్టేజీ మీద నన్నే పరిచయం చేయమని మీరు పంపిన ఈమెయిల్ అందింది.

ఆయన లివర్ ఆపరేషన్లకి మత్తు ఇచ్చేది నేనే. సెలైన్ తక్కువ ఎక్కిస్తే రక్తనాళాలు ఉబ్బవు, కోసినప్పుడు రక్తం అంతగా పోదు. నేను చేసేది అదే. జూన్‌లో ఒకరోజు ఆయన తొందరపడి కోశారు. రక్తం ఆయన మాస్క్ దాకా చిమ్మింది. “సెలైన్ ఎక్కించి చంపేస్తున్నావు కదే, దరిద్రపుదానా!” అని, నర్సులకి అర్థం కాకుండా తెలుగులో అరిచి, చేతిలోని క్లాంప్, నాళాన్ని పట్టి బిగించే ఉక్కు పటకారు, నా మొహం మీదికి విసిరారు. కళ్లలోకి రక్తం కారుతుంటే, “ముందు లివర్‌కి వెళ్లే నాళాన్ని బిగించండి” అని నేనూ అరిచాను. బిగించారు, ఆగింది. పేషెంట్‌కి ఒక్క యూనిట్ రక్తం కూడా ఎక్కించలేదు. కుట్లు పడింది నా కనుబొమల మధ్య. ఎవరైనా అడిగితే తలుపు తగిలిందని చెప్పమన్నారాయన.

ఈమధ్య పెద్ద బొట్టు నాకు బాగా నప్పిందని మీ ఆవిడ మెచ్చుకున్నారు.

పరిచయం తప్పకుండా చేస్తాను. ఆ రోజు మాత్రం బొట్టు లేకుండా స్టేజీ ఎక్కుతాను. చూసి కంగారు పడొద్దని అందరికీ చెప్పండి, మా ఆయన నిక్షేపంగా ఉన్నారు.

ఇట్లు,
మీ మత్తు డాక్టరు