గోడ అవతలి ఇండ్లు

శుక్రవారం, రాత్రి

ఏర్పేడు దగ్గర లేఔట్లో పగటి వాచ్‌మన్‌గా చేరి నెల కాలేదు. మా ఎస్సీ కాలనీ కనబడకుండా కట్టిన కొత్త గోడకు రెండు పూటలా నీళ్ళు పట్టేదీ నేనే. "కాలనీ అని తెలిస్తే ఒక్క ప్లాటూ పోదు, నోరు జారొద్దు పెద్దాయనా" అని మేనేజరు ముందే చెప్పినాడు.

ఈరోజు కార్లో మొగుడూ పెండ్లాం వచ్చినారు. ఆయన గోడ మీంచి తొంగి చూసి, "ఆ ఇండ్లెవరివి?" అన్నాడు. మేనేజరు నా మొహం చూసినాడు.

"ఎవురో కూలోళ్ళు సార్. పనైపోతే పోతారు" అన్నాను నేనే.

"నీది ఏ ఊరు?" అని ఆయన నన్నడిగినాడు.

"ఐరాల సార్" అని ఎక్కడో దూరంగా ఉండే ఊరి పేరు చెప్పేసినాను.

తిరిగి చూస్తే నా పెండ్లాం మునెమ్మ అన్నం క్యారేజీ పట్టుకోని నిలబడి ఉండాది. అంతా వినింది. క్యారేజీ కింద పెట్టి పోయింది.

సాయంత్రం ఇంటికొస్తే గడపలోనే అడిగింది. "ఐరాల నుంచి బస్సు తొందరగా దొరికిందా?"

ఈ వయసులో నాకు ఇంకో పని ఎవరిస్తారు అని చెప్పబోయినాను.

"ఆదివారం ఇంకా కార్లొస్తాయి గదా. ఆ పొద్దు గోడకాడ నిలబడి నిన్ను పిలుస్తా. ఎవురు పలుకుతారో సూస్తా" అనింది.

అన్నదంటే చేసే మనిషి. ఎల్లుండే ఆదివారం. పలికితే పని పోతాది. ఇన్నేండ్లలో ఆమె పిలిస్తే నేను పలక్కుండా ఉండిందే లేదు...